పరిశ్రమ ఎవరి మాట వినును?

కర్మాగారము పొరుగున కాపురముండి, రాత్రి రెండవ జామున వచ్చు దుర్గంధమునకు కిటికీలు మూసికొని, ఉదయమున బోరునీటి రంగు చూచి నిట్టూర్చి, తుదకు విసిగి వేసారి ఒకనాడు నలుగురిని కూడగట్టుకొని గేటు ముందు నిలిచి కేకలు వేసి, కావలివాడు పుచ్చుకొన్న వినతిపత్రమునకు ప్రత్యుత్తరమేదియు రాకపోగా, "పెద్దవారితో మనకేల" యని ఇంటికి మరలిపోయినవారు మన రాష్ట్రములలో ప్రతి పారిశ్రామికవాడ చుట్టును కనిపింతురు. వీరి కష్టము సత్యము; వీరి కోపము న్యాయమైనది. ఐనను ఆ సంస్థ కదలలేదు. వీరి మాట దానికి వినబడక కాదు. ఆ మాటను లక్ష్యపెట్టనిచో తనకు కలుగబోవు నష్టమేదియు దానికి కనబడకపోవుటయే కారణము.

ఏ పరిశ్రమయు తనంత తాను నిలుచునది కాదు. మూలధనము పెట్టువారు, అప్పిచ్చు బ్యాంకులు, సరుకు కొనువారు, పనిచేయువారు, అనుమతులిచ్చు మండలులు, నేలను నీటిని పంచుకొను గ్రామములు, ఇందరి యంగీకారము మీద అది దినదినము ఆధారపడియున్నది. కావున పరిసరముల విషయమై ఒక సంస్థను కదలింపదలచినవాడు, తన బాధ ఎంత గొప్పదో చాటుటకు ముందు, ఆ సంస్థ ఎవరి మీద ఎక్కువగ ఆధారపడియున్నదో, ఆ యాధారమునకును తన బాధకును నడుమ త్రోవ ఎక్కడ కలదో వెదకవలెను. ఈ యధ్యాయమున చెప్పదలచినది ఆ త్రోవను గూర్చియే.

పటాన్‌చెరు కథ ఇందుకు నేనెరిగిన వానిలో మిక్కిలి బోధకరమైనది. 1970వ సంవత్సరపు పేటెంట్ల చట్టము ఔషధములకు వస్తువు మీద గాక తయారుచేయు పద్ధతి మీద మాత్రమే పేటెంటును అనుమతించుటచేతను, హైదరాబాదులోని ఐ.డి.పి.ఎల్. వంటి ప్రభుత్వసంస్థ రసాయనశాస్త్రజ్ఞులకు తరిఫీదునిచ్చుటచేతను, నగరము చుట్టును మందుల ముడిసరుకు చేయు కర్మాగారములు బయలుదేరి, వాయవ్యదిశనున్న పటాన్‌చెరు వానికి ప్రధానస్థానమైనది. దేశమునకు చౌకగ మందులు లభించినవి. వేలాది కుటుంబములకు జీతములు వచ్చినవి. ఈ మేలును కాదనువాడు న్యాయము చెప్పువాడు కాడు. కాని ఆ కర్మాగారముల మురుగు వాగులలో బడి, నక్కవాగు ద్వారమున మంజీరను చేరి, మార్గమునగల పొలములను బావులను చెరచినది. అక్కడనే వైద్యము చేయుచుండిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు రోగులను చూచుటతో తృప్తినొందక, ఆ గ్రామముల నీటి కొరకు దశాబ్దముల తరబడి పోరాడిరి. 1990లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టును చేరినది. నష్టపోయిన రైతులకు పరిహారమిప్పించు ఉత్తర్వులు వచ్చినవి. 1994 ప్రాంతమున పలు కర్మాగారముల మురుగును ఒకచోట చేర్చి శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రము ఏర్పడినది. ఆ పిమ్మట సుమారు 18 కిలోమీటర్ల గొట్టపుమార్గము వేసి, శుద్ధిచేసిన నీటిని నగరపు మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపు ఏర్పాటు జరిగినది. నక్కవాగు భారము కొంత తగ్గినను, ఆ భారము మూసీ దిక్కునకు మరలినది.

ఇచ్చట ఒక క్షణము నిలిచి ఆలోచింపవలెను. ఈ పోరాటమునందు పాల్గొన్నవారు ఊరివారు, వైద్యుడు, న్యాయవాదులు, న్యాయస్థానము. వీరందరును పరిశ్రమకు బయటివారు. వీరికి గల యధికారము దండించుటకు మాత్రమే చాలునది. దండన భయము చేత పరిశ్రమ తప్పించుకొను మార్గమును వెదకునే గాని మారు మార్గమును వెదకదు. తయారీపద్ధతినే మార్చుకొనవలెనను తలంపు దానికి పుట్టవలెనన్నచో, అది తన లాభమునకు మూలమని యెంచు వ్యక్తి నోట ఆ ప్రశ్న రావలెను.

ఆ ప్రశ్న ఎట్లు వచ్చినదో చూడుడు. స్వీడను దేశపు గోథెన్‌బర్గు విశ్వవిద్యాలయమునకు చెందిన యోకిమ్ లార్సన్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధికేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. సుమారు 90 కర్మాగారముల మురుగును స్వీకరించు ఆ కేంద్రమునుండి, శుద్ధి యయిన పిదప బయటికి వచ్చు నీటిలో, సిప్రోఫ్లోక్సాసిన్ అను యాంటీబయాటిక్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు నుండెను. కొన్ని సూక్ష్మజీవులను చంపుటకు చాలిన పరిమాణమునకు అది వేయిరెట్లకు మించినది. ఒక్క దినమున ఆ విధముగ పోవు మందు దాదాపు 45 కిలోలని, 90 లక్షల జనాభా గల స్వీడను దేశమంతయు ఐదుదినములలో వాడు మందుతో అది సమానమని వారు లెక్కగట్టిరి.

ఈ యొక్క అంకెయే వ్యవహారమును మార్చినది. ఏలయన, నీటిలో యాంటీబయాటిక్ చేరినచోట మందునకు లొంగని సూక్ష్మజీవులు పుట్టి పెరుగును. అవి మనుష్యులతోబాటు సముద్రములు దాటి పోవును. ఆసుపత్రి శయ్యపైనున్న ఐరోపా రోగికి రేపు మందు పనిచేయకుండుటకు నేటి తెలంగాణపు వాగు ఒక కారణము కావచ్చును. అంతవరకు పరాయి గ్రామపు దుఃఖముగ నుండినది మందుకొనువాని సొంత ప్రయోజనముగ మారినది. స్వీడనులో ప్రభుత్వధనముతో మందులు కొను ప్రాంతీయ మండలులు టెండరు షరతులలో తయారీస్థలపు పరిసరముల ప్రస్తావన చేర్చినవి. నార్డియా యను ఉత్తర ఐరోపా మదుపుసంస్థ, తాను డబ్బుపెట్టిన మందుల కంపెనీల సరుకు ఎక్కడినుండి వచ్చుచున్నదో విచారించుటకై హైదరాబాదు, విశాఖపట్టణముల పరిసరములను గూర్చి నివేదిక వ్రాయించి 2016లో దానిని వెలువరింపజేసినది. 2018లో ప్రపంచపు పెద్ద ఔషధసంస్థల కూటమి యొకటి, తయారీమురుగులో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో తానే పరిమితుల పట్టికను ప్రకటించినది. 2019లో నార్వే ఆసుపత్రుల కొనుగోలు సంస్థ యాంటీబయాటిక్‌ల టెండరున మార్కులలో 30 శాతమును పర్యావరణమునకు కేటాయించినది.

అట్లని పటాన్‌చెరు రైతుల శ్రమ వ్యర్థమైనదని తలంపరాదు. వారు పోరాడి ఉండనిచో ఉమ్మడి శుద్ధికేంద్రము వచ్చుట ఎంత ఆలస్యమయ్యెడిదో తెలియదు. ఆ కేంద్రము లేనిచో తొంబది కర్మాగారముల మురుగును ఒక్క గొట్టపు మొదట కొలుచుట సాధ్యమై ఉండెడిది కాదు. ఊరివారి యోర్పు, శాస్త్రజ్ఞుని కొలత, కొనువాని ప్రశ్న, ఒకదాని మీద ఒకటి నిలిచినవి. కొనువాని ప్రశ్నతో పని ముగిసినదనియు తలంపరాదు. మన కేంద్రప్రభుత్వము 2020 జనవరిలో మందుల కర్మాగారముల మురుగులో యాంటీబయాటిక్‌లకు పరిమితులను ప్రతిపాదించినది గాని, 2021 ఆగస్టులో వెలువడిన తుది నిబంధనలలో ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ విషయమై మార్గదర్శకములను ప్రకటించినది. అవి మార్గదర్శకములే గాని శాసనములు కావు. చట్టము వెనుకబడినచోట సంబంధితులైన వారి యొత్తిడియే ప్రస్తుతమునకు దిక్కు.

ఇప్పుడు మీ సంగతికి వత్తము. మీరు ఏ సంస్థను కదలింపదలచితిరో ఆ సంస్థకు మీరెవరు? ఈ ప్రశ్నకు చాలమంది "పొరుగువాడను" అను ఒక్క సమాధానముతో తృప్తిపడుదురు. కాని ఒకే మనుష్యునకు పలు సంబంధములుండును. మీ భవిష్యనిధిలోని కొంత సొమ్ము షేరు మార్కెటునకు పోవుచుండవచ్చును. మ్యూచువల్ ఫండులో నెలనెల పెట్టు కొద్దిపాటి పొదుపు ఆ కంపెనీ వాటాలుగ మారియుండవచ్చును. మీ సోదరి వైద్యురాలై, ఆసుపత్రికి మందులు కొను సంఘములో సభ్యురాలై యుండవచ్చును. మీ మేనల్లుడు ఆ కర్మాగారముననే పనిచేయుచుండవచ్చును. మీరు వార్డుసభ్యులై గ్రామపంచాయతీ తీర్మానమునకు చేయెత్తువారు కావచ్చును. ఒక కాగితము తీసికొని, మీకును మీవారికిని ఆ సంస్థతో గల సంబంధములన్నియు వ్రాసి, వానిలో ఏది తెగినచో సంస్థకు నొప్పి కలుగునో గుర్తింపుడు. గేటు ముందు ధర్నా చేయు నూరుగురి కంటె, కొనుగోలు సంఘములో ఒక్కరు వ్రాతపూర్వకముగ అడిగిన ప్రశ్న కొన్ని వేళల ఎక్కువ దూరము పోవును.

ఏ ద్వారమున పోయినను చేత కాగితముండవలెను. దుర్గంధము వచ్చుచున్నదని చెప్పువాడు ఫిర్యాదుదారుడు. ఏ తేదీన, ఏ గంటకు, గాలి ఏ దిక్కునుండి వీచుచుండగా, ఎంతసేపు వచ్చినదో ఆరునెలలు పుస్తకమున వ్రాసిపెట్టినవాడు సాక్షి. వాగు రంగు మారిన ప్రతిసారి ఛాయాచిత్రమును, రాత్రివేళ మురుగు పారబోసిన ట్యాంకరు నంబరును, చేపలు చచ్చిన దినమును అందే చేర్పుడు. మీరు సీసాలో పట్టిన నీరు మీ జ్ఞానమునకు ఉపకరించునే గాని, చట్టము దృష్టిలో రుజువుగ నిలుచునది కాలుష్య నియంత్రణ మండలి అధికారి నియమానుసారముగ తీసిన నమూనా మాత్రమే. కావున మీ పుస్తకమును చూపి, ఏ వేళకు వచ్చిన ఫలముండునో చెప్పి, ఆ యధికారిని రప్పించుట మీ పని.

రెండవ కాగితము సంస్థయే వ్రాసి యిచ్చినది. 2006వ సంవత్సరపు పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ననుసరించి అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టును, ఆ యనుమతిలోని షరతులను ఎంతవరకు పాటించినదో యేటేట జూన్ 1న, డిసెంబరు 1న నివేదింపవలెను. ఆ నివేదికలు ప్రజలు చూడదగిన పత్రములని ప్రకటనయే చెప్పుచున్నది. అనుమతిపత్రమును, ఈ యర్ధవార్షిక నివేదికలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుడు. "మురుగును బయటికి విడువరాదు" అని షరతు ఉన్నచోట "పాటించుచున్నాము" అని వ్రాసియుండి, మీ పుస్తకమున ట్యాంకరు నంబరున్నచో, అదియే మీ బలము. నివేదిక దొరకనిచో సమాచార హక్కు చట్టము కలదు: పదిరూపాయల రుసుము, ముప్పది దినముల గడువు, పిదప పై యధికారికి అప్పీలు. ఈ చట్టము కోరు నోపికను అలవరచుకొన్నవారిని సంస్థలు తేలికగ కొట్టివేయలేవు.

కొత్త కర్మాగారము గాని విస్తరణ గాని రాబోవుచున్నచో, ప్రజాభిప్రాయ సేకరణ జరుగును. దీనిని గూర్చి మనలో నిరాశ ఎక్కువ. పోలీసులు, కంపెనీ తరలించిన జనము, భోజనపు పొట్లములు, అరుపులు, చివరకు ముందే నిశ్చయమైన ఫలితము అని పలువురు చెప్పుదురు. ఐనను ఆ సభను విడువరాదు. ముప్పది దినములకు తక్కువ కాకుండ ముందుగ ప్రాంతీయభాషా పత్రికయందు ప్రకటన రావలెను. పర్యావరణ ప్రభావములను గూర్చిన ముసాయిదా నివేదికయు, స్థానికభాషలో దాని సారాంశమును కలెక్టరు కార్యాలయము, జిల్లాపరిషత్తు మున్నగు చోట్ల అందుబాటున నుండవలెను. సభనంతయు వీడియో తీయవలెను. తుదిని సభలో వచ్చిన యభిప్రాయములను స్థానికభాషలో చదివి వినిపింపవలెను. కోపమును వెళ్లగ్రక్కుటకు గాక, రికార్డును నిర్మించుటకు అక్కడికి పొండు. సారాంశమును గాక మూలనివేదికనే చదివి, "ఈ ప్లాంటుకు దినమునకు కావలసిన నీరెంత, దానిని ఎక్కడనుండి తెత్తురు, వేసవిలో ఆ చెరువెండినచో ఏమి చేయుదురు" వంటి రెండుమూడు ప్రశ్నలను వ్రాసి, చదివి, సంతకము చేసిన ప్రతిని అధ్యక్షునకిచ్చి రసీదు పుచ్చుకొనుడు. అనుమతి వచ్చిన పిమ్మట జాతీయ హరిత ట్రిబ్యునలుకు అప్పీలు చేయుటకు ముప్పది దినములే సామాన్యపు గడువు; ఆనాడు మీకు ఆధారముగ నిలుచునది ఆ రసీదే. మన రెండు రాష్ట్రములకును చెన్నైలోని దక్షిణ ధర్మాసనమే స్థానము.

గ్రామసభకు గల శక్తిని తెలిసికొనగోరువారు ఒడిశాలోని నియమగిరిని స్మరింపవలెను. ఆ కొండలమీది బాక్సైటు కొరకు వేదాంత సంస్థ సంకల్పించిన గనిని డోంగ్రియా కోందులు వ్యతిరేకించిరి. వారిది కువి భాష, మన తెలుగునకు చుట్టరికమున్న భాష. వారి విన్నపము లండనులోని వాటాదారులను చేరి, 2010లో ఇంగ్లండు చర్చి నైతికకారణములచేత తన వేదాంత వాటాలను అమ్మివేసినది. నార్వే ప్రభుత్వనిధి అంతకు మూడేండ్ల ముందే ఆ కంపెనీనుండి తొలగిపోయినది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండపై వారి మతపరమైన, సాంస్కృతికమైన హక్కులను నిర్ణయించు భారమును గ్రామసభలకే విడిచినది. ఆ సంవత్సరమే పండ్రెండు గ్రామసభలు కూడి, పండ్రెండును ఏకముగ నిరాకరించినవి. వాటాల యమ్మకము వలననే గని ఆగినదని చెప్పుట అతిశయోక్తి. కాని ఆ కొండవాసుల మాటకు దేశదేశముల శ్రోతలు చేకూరుటచేత దానిని నిశ్శబ్దముగ త్రొక్కివేయుట కష్టమైనది.

వాటాదారులైన పాఠకులకు ఒక మాట. దేశములో మార్కెటు విలువను బట్టి మొదటి వేయి లిస్టెడు కంపెనీలు 2022-23 నుండి పర్యావరణ, సామాజిక బాధ్యతలను గూర్చి సెబీ నిర్ణయించిన నమూనాలో వార్షికవివరములను తప్పక ప్రకటింపవలెను. వాడిన నీరు, విడిచిన మురుగు, పొగ, చెత్త, అందిన ఫిర్యాదులు, వానిలో తీరనివి అందు కనిపించును. సాధారణసభ నోటీసు ఇరువది యొక్క దినముల ముందు వచ్చును. ఆ లోపున ఈ పుటలను చదివి, ఒక్క ప్రశ్నను కంపెనీ కార్యదర్శికి వ్రాయుడు. మీకు వాటాలు లేక ఫండు మాత్రమే ఉన్నచో, ఆ ఫండు ఏ తీర్మానమునకు ఎట్లు ఓటు వేసినదో తన వెబ్‌సైటున ప్రకటించును. దానిని చూచి, ఫండు వారినే అడుగుడు. కంపెనీల చట్టము, 2013, 166వ విభాగమున డైరెక్టరు వాటాదారుల మేలుతోబాటు ఉద్యోగుల, సమాజపు మేలును, పర్యావరణ రక్షణను చూడవలెనని శాసించినది. మీ లేఖలో ఈ విభాగపు సంఖ్యను వ్రాయుట మరువకుడు.

ఇచ్చట నాకు మిక్కిలి బాధ కలిగించు ఒక వాడుకను చెప్పవలసియున్నది. గ్రామము గట్టిగ అడుగసాగిన తోడనే, కంపెనీ తరఫున ఒకరు వచ్చి, తాగునీటి ఆర్.ఓ. ప్లాంటు పెట్టింతుమనియు, బడికి బల్లలిత్తుమనియు, జాతరకు చందా ఇత్తుమనియు చెప్పుదురు. పెద్దలు సంతోషింతురు, ఫిర్యాదు మరుగునపడును. చట్టము ప్రకారము కొంత స్థాయికి మించిన కంపెనీలు సగటు నికరలాభములో రెండు శాతమును సామాజికబాధ్యతకు వెచ్చింపవలెను. ఆ ధనము గ్రామమునకు వచ్చుట మంచిదే, పుచ్చుకొనుడు. కాని తన గొట్టమునుండి పోవు మురుగును శుద్ధిచేయుట ఆ రెండు శాతములో చేరినది కాదు. అది సంస్థ నెరవేర్పవలసిన వేరొక ధర్మము. నేలలోని నీటిని చెరచి, శుద్ధినీటి యంత్రమును దానమిచ్చు సంస్థకు కృతజ్ఞత చెప్పునప్పుడు, ఆ సభలోనే, ఆ మైకులోనే, వాగు సంగతిని అడుగు ధైర్యము మనకుండవలెను.

చివరకు, లోపల పనిచేయువారిని గూర్చి. ఊరి పిల్లలే అందు పనిచేయుచుందురు; కాబట్టి ఊరు రెండుగ చీలును, అన్నదమ్ములు మాటలాడుకొనరు. ఈ చీలికను సంస్థ పెంచుటయు గలదు. నా సలహా ఇది: ఏ విన్నపములోను "మూసివేయుడు" అని మొదటి మాటగ వ్రాయకుడు, "ఈ షరతును ఈ తేదీలోపల నెరవేర్పుడు" అని వ్రాయుడు. అప్పుడు పనివాడు మీకు శత్రువు కాడు. పైగ ప్రమాదమును అందరికంటె ముందుగ ఎరుగువాడు అతడే. 2020 మే 7న విశాఖపట్టణపు ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది మరణించిన పిదప విచారణ సంఘము తేల్చినదేమనగా, ట్యాంకు పైభాగపు ఉష్ణోగ్రతను కొలుచు ఏర్పాటు లేదు, రసాయనము గట్టిపడి వేడెక్కకుండ ఆపు నిరోధకము చాలినంత లేదు. ఇట్టి లోపములు గేటు బయటివారికి ఎన్నటికిని కనబడవు. భోపాలు దుర్ఘటన తరువాత 1987లో కర్మాగారముల చట్టమును సవరించినపుడు, ప్రమాదకర పదార్థములను గూర్చి కార్మికులకును పరిసరవాసులకును తెలుపవలెనని చేర్చుటకు కారణమిదే. కార్మికసంఘముతో గ్రామసంఘము మాసమునకొకసారి కూర్చుండుట అలవాటు చేసికొన్నచో, భయమువలన ఒంటరిగ పలుకలేనివాడు సంఘము పేర పలుకగలడు. అతని పేరు బయటపడకుండ కాపాడు బాధ్యత మీది.

ఇన్ని చేసిన మీదట సంస్థనుండి ఒక ఉత్తరము వచ్చును. "మీ సూచనలను పరిశీలించుచున్నాము" అని అందుండును. దానిని జవాబుగ స్వీకరింపకుడు, అవమానముగను తీసికొనకుడు. వారము దాటకుండ ప్రత్యుత్తరము వ్రాసి, పరిశీలించువారి పేరు, హోదా, ముగియు తేదీ అడుగుడు. వారిచ్చిన తేదీని మీ పుస్తకమున వ్రాసి, ఆ దినమున మరల వ్రాయుడు. ప్రతిని మండలికిని, తెలిసియున్నచో ఆ సంస్థకు అప్పిచ్చిన బ్యాంకునకును, సరుకు కొను కంపెనీకిని పంపుడు. వచ్చు డిసెంబరు 1 నివేదికలో ఆ వాగ్దానము చేరినదో లేదో చూడుడు. పటాన్‌చెరులో కోర్టు మొదలు టెండరు షరతుల వరకు సుమారు మూడు దశాబ్దములు గడచినవి. ఒక్కరి ఆయుష్షుతోను ఉత్సాహముతోను జరుగునంత పని కాదిది. కావున ఈ కాగితముల కట్టను ఒక్కరి యింట ఉంచక, ఇద్దరి వద్ద ఉంచుడు. ఆ ఇద్దరిలో ఒకరు ఇరువదియైదేండ్లకు మించని వారై, నివేదికను చదివి పట్టికను అర్థము చేసికొనగల వారై యుండవలెను. వారిని మొదటి సభనుండియే వెంటబెట్టుకొని పొండు.